రాళ్ళ వరస తెలిసిన జారెడ్ బౌక్

మా అన్నయ్య జారెడ్ బౌక్ ఇరవై రెండేళ్ళు రాష్ట్ర భూగర్భ సర్వేలో పనిచేశాడు. ఆ సర్వే అచ్చువేసిన పుస్తకాలు ఏడు. ఏడింటిలో ఒక్క చోటా అతని పేరు లేదు. వాటిలో శిలాజాల బొమ్మలు గీసింది నేను. నా పేరూ లేదు. నా గొడవ పక్కన పెడతాను.

అన్నయ్య పుట్టింది స్కొహారీ లోయలో, సున్నపు బట్టీ పక్కన. తొమ్మిదో ఏట సుత్తి పట్టాడు. ఏ రాయి బట్టీకి పనికొస్తుందో రంగు చూసి, నాలుకకు ఆనించి చెప్పేవాడు. ప్రొఫెసర్ విట్‌బెక్ సర్వే పని మీద మా లోయకు వచ్చినప్పుడు కొండలు చూపించడానికి అతన్ని రోజుకూలీకి పెట్టుకున్నాడు. ఏ పొర మీద ఏ పొర ఉందో, ఏ వాగు ఒడ్డున ఏది బయటపడుతుందో, పదకొండు పొరల వరస మొత్తం అన్నయ్య కాళ్ళతో నడిచి తేల్చాడు. ప్రొఫెసర్ దానికి లాటిన్ పేర్లు తొడిగి, తన పుస్తకంలో వేసుకున్నాడు.

దానికి అన్నయ్య బాధపడలేదు. వరస కొండలోనే ఉంది, ఎవడూ ఎత్తుకుపోలేడు అనేవాడు. అతని కడుపు మండింది జీవుల పేర్ల దగ్గర. రాతిలో ఎవరూ ఎరగని జీవి దొరికితే పండితులు దానికి రెండు మాటల పేరు పెడతారు. ఆ రెండో మాట చాలాసార్లు ఒక మనిషి పేరు. సర్వేకు నిధులు మంజూరు చేసిన సెనేటర్ల పేర్లు నత్తలకున్నాయి. ప్రొఫెసర్ మామగారు జన్మలో సుత్తి పట్టలేదు, ఆయన పేరు మీద రెండు గవ్వలున్నాయి. ఎండలో రాయి కొట్టినవాళ్ళ పేర్లు మాత్రం కూలీ పట్టీ దాటి రాలేదు. లోకం తీరే అంత అని అన్నయ్య సర్దుకుపోయాడు, లైసాండర్ టీడ్ వచ్చేదాకా.

టీడ్ కాలేజీ చదువు చదివినవాడు, అన్నయ్యకన్నా ఇరవై ఏళ్ళు చిన్న. రాగానే మా లోయలోని సర్వే శిబిరానికి పెద్దను చేశారు. రెండో వేసవికే ఒక గవ్వకు అతని పేరు పెట్టారు. ఆ పేరు అచ్చయిన పుస్తకం ఇంటికి చేరిన పొద్దున అన్నయ్య బక్‌వీట్ అట్ల మీద మేపుల్ పాకం పోస్తూ ఆపడం మరిచిపోయాడు.

"ఆ గవ్వ ఎలా దొరికిందో తెలుసా? బూటు లేసు కట్టుకుందామని కూర్చున్నాడు. దాని మీదే కూర్చున్నాడు."

"నువ్వూ కూర్చోవలసింది, అన్నయ్యా."

"నాకిచ్చేది కూర్చునే జీతం కాదుగా."

అప్పటినుంచి ప్రొఫెసర్ ఉత్తరం వచ్చిన ప్రతిసారీ అందులో టీడ్ పేరు ఎన్నిసార్లు వచ్చిందో నాచేత వెతికించేవాడు. టీడ్ కోటు, టీడ్ తెల్లటి చేతులు, చర్చిలో టీడ్ పాడే గొంతు, దేన్నీ వదల్లేదు. టీడ్‌కు జలుబు చేసి మంచం దిగని రోజున ఈల వేసుకుంటూ పనికెళ్ళాడు.

ఆ సెప్టెంబరులో వాగు ఒడ్డున, ఐదో పొరలో, అన్నయ్య ఒక పలక చీల్చాడు. లోపల సముద్రపు లిల్లీ. పువ్వులా కనిపించే జీవి అది. కాడ, తల, విచ్చుకున్న చేతులు, ఏదీ చెదరలేదు. అంత నిండైనది మా లోయలో ఎవరికీ దొరకలేదు. పలక రెండుగా విడితే ఒక సగం మీద జీవి ఉబ్బెత్తుగా ఉంటుంది, రెండో సగం మీద దాని గుంట మిగులుతుంది. రెండు సగాలనూ కలిపి కట్టి పంపడం సర్వే పద్ధతి. పెట్టె మీద సంతకం మాత్రం శిబిరానికి పెద్ద అయిన టీడ్‌ది, సంతకం ఎవరిదైతే దొరికింది వాళ్ళకేనని లెక్క. అన్నయ్య ఉబ్బెత్తు సగాన్ని పెట్టెలో పెట్టి, గుంట సగం ముక్కలైపోయిందని చెప్పాడు. దాన్ని గడ్డి పరుపు కింద దాచాడు.

అనుకున్నట్టే జరిగింది. కొత్త జీవికి టీడ్ పేరు పెడుతున్నామని ప్రొఫెసర్ రాశాడు.

 మూడో రోజు అన్నయ్య నాచేత ఫిలడెల్ఫియాలోని ఒక పండితుడికి ఉత్తరం రాయించాడు. ఆయనకూ మా ప్రొఫెసర్‌కూ పడదు. గుంట సగాన్ని ఆయనకు పంపుతున్నాడు. ఉబ్బెత్తు సగానికి గీసినట్టే దానికీ నేను ముందే చిత్తు బొమ్మ గీసుకున్నాను.

"ఐదో పొర అని రాయనా?" అని అడిగాను.

"వద్దు. తొమ్మిదో పొర, అవతలి కొండ అని రాయి. ఐదు అంటే మనవాళ్ళు పట్టేస్తారు."

రాశాను. నన్నెవరూ బలవంతపెట్టలేదు. ఏడు పుస్తకాలకు బొమ్మలు గీసి పేరు లేకుండా మిగిలిన చెయ్యి నాది, అదీ మండుతూనే ఉంది.

వసంతంలో ఫిలడెల్ఫియా పత్రిక వచ్చింది. పండితుడు గుంటలో మైనం పోసి అసలు ఆకారం తీసి చూసుకోలేదు. ఎడమా కుడీ తారుమారై కనిపించాయి, పొర కూడా వేరన్నాం. ఇంకేం, కొత్త జీవి అనుకుని దానికి బౌక్ పేరు పెట్టాడు. లిల్లీకి టీడ్ పేరు పెట్టిన మా సర్వే పుస్తకం అంతకు పదకొండు రోజుల ముందు వచ్చింది. ఒకే రాయికి రెండు పేర్లు. ఆ సంగతి తెలిసింది మా ఇద్దరికే. అన్నయ్య ఆ పత్రికను కమ్మరి కొట్టుకూ, చర్చికీ, బట్టీకీ తిప్పాడు. దాన్ని వండుకు తినొచ్చా అని కమ్మరి అడిగితే కూడా కోపం రాలేదు. నలభై తొమ్మిదేళ్ళలో అతను అంత పొడుగ్గా నిలబడటం నేను చూడలేదు.

జూన్‌లో ఒక మధ్యాహ్నం టీడ్ మా ఇంటికొచ్చాడు. టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు.

"బౌక్ గారూ, సంతోషం. ఉత్తుత్తి మాట కాదు. తొమ్మిదో పొరలో అది దొరికిన చోటు నాకు చూపించాలి. వరస మళ్ళీ గీయమన్నారు."

"మళ్ళీ ఎందుకు?"

"ఒకేలాంటి జీవులు ఐదులోనూ తొమ్మిదిలోనూ ఉన్నాయంటే అవి రెండూ ఒకే పొర అంటున్నారు, ఫిలడెల్ఫియా వాళ్ళు. ప్రొఫెసర్ గారు కంగారుపడుతున్నారు. మధ్య మూడు పొరలూ కొట్టేయమన్నారు."

ఆ మూడు పొరలు తేల్చడానికి అన్నయ్యకు ఆరేళ్ళు పట్టింది. మంచులో పడి మోకాలు విరిగింది అక్కడే.

"వరసలో తప్పు లేదు," అన్నాడు.

"మీ శిలాజమే ఉందంటోంది కదండీ."

అన్నయ్య టీడ్ చేతుల వంక చూశాడు. తర్వాత నావైపు తిరిగాడు.

"ఎలెక్టా, నీ చిత్తు బొమ్మలు రెండూ తే. ఒకటి తిరగేసి, రెండూ కలిపి కిటికీ అద్దానికి పెట్టు."

నేను కదల్లేదు. "పేరు పోతుంది, అన్నయ్యా."

"తెమ్మన్నానా."

రెండూ అసలు కొలతకు గీసినవే. పల్చటి కాగితాల్లోంచి వెలుగు రాగానే రెండు లిల్లీలు ఒకటైపోయాయి. మూడో చెయ్యి కొస రెండింటిలోనూ ఒకే చోట విరిగి ఉంది. టీడ్ వంగి చూసి, మళ్ళీ చూసి, నెమ్మదిగా లేచాడు.

"ప్రొఫెసర్ గారికి చెప్పక తప్పదు. మీ పని ఉంచరు. ముందు అచ్చయిన పేరే..."

"నిలుస్తుంది. నీది. ఆ మాత్రం నాకు తెలుసు."

"అది దొరికింది మీకేనని నేను రాస్తాను, బౌక్ గారూ."

"నీ దయ నీ దగ్గరే ఉంచుకో, టీడ్ బాబూ. నా వరస జోలికి రాకు, చాలు."

పని పోయింది. అన్నయ్య మళ్ళీ సున్నపు బట్టీకి వెళ్ళాడు. రెండేళ్ళకు మా లోయ రాళ్ళ పటం అచ్చయింది. పదకొండు పొరలూ పదకొండు రంగుల్లో ఉన్నాయి. కింద టీడ్ పేరు పెద్ద అక్షరాల్లో ఉంది. ఒక ప్రతి మా ఇంటికి పంపాడు. అన్నయ్య దాన్ని బల్ల మీద పరిచి, వారం పాటు బట్టీ నుంచి రాగానే కళ్ళజోడు పెట్టుకుని వాగు వాగూ వెతికాడు. ఒక్క గీత తప్పుంటే చాలని నాతో అన్నాడు. ఎనిమిదో రోజున పటం మడిచాడు.

"లేదే, ఎలెక్టా. వెధవ, ఒక్కటి కూడా తప్పు వెయ్యలేదు."