వాగు దాటిన రాకాసి గూళ్ళు

పాతికేళ్ళుగా టేపు, డ్రాయింగు బోర్డు పట్టుకుని పాత గుళ్ళనూ సమాధులనూ కొలుస్తున్నదాన్ని. కంప్యూటర్ రాకపోతే ఇక సర్వేలకు పిలవరని అర్థమయ్యాక, పురావస్తు పనివాళ్ళకోసం భద్రాచలంలో పెట్టిన శిక్షణకు పేరిచ్చాను. "ముసలితనంలో దసరా పండగ" అని మా ఆయన నవ్వాడు. నవ్వనీ. కొలవడం వచ్చినదానికి యంత్రం ఒక లెక్కా అనుకుని బ్యాగు సర్దుకున్నాను.

ఖమ్మం నుంచి కొత్తగూడెం మీదుగా భద్రాచలానికి ఎర్రబస్సులు పొద్దున్నుంచే దొరుకుతాయి, మూడున్నర గంటల ప్రయాణం. వానాకాలం గోదావరి పొంగితే దారి ఎప్పుడు మూసుకుపోతుందో చెప్పలేం, కాబట్టి చలికాలమే నయం. శిక్షణలో మొదటి రోజులు గదిలోనే గడిచాయి. చివరి పని మాత్రం ఉత్తుత్తి పరీక్ష కాదు. అడవిలో ఒక గుంపుకు, అంటే చిన్న పల్లెకు, తారురోడ్డు వేయబోతున్నారు. దగ్గర్లో రాకాసి గూళ్ళున్నాయి. రాతిపలకలు నిలబెట్టి కట్టిన వేల ఏళ్ళనాటి సమాధులవి. అవి రోడ్డుకు అడ్డమా కాదా అన్నది మా పటమే తేల్చాలి.

పొద్దున ఏడింటికి కిరాయి జీపులో బయలుదేరాం. డ్రైవర్ ఖాజా భాయ్ అప్పటికే హారన్ కొడుతున్నాడు. "జల్దీ ఎక్కుండ్రి మేడమ్, ఎండ ముదిరితే అడవిల నడవలేరు." దారిలో పెద్దరోడ్డు కల్వర్టు దగ్గర ఆగి జీపీఎస్ యంత్రంలో ఒక చుక్క, అంటే ఆ చోటి గుర్తు, పెట్టుకున్నాం. గుంపులో దిగేసరికి వార్డు మెంబరు లక్ష్మమ్మ ఎదురొచ్చింది. మా చేతుల్లోని జీపీఎస్ యంత్రాలను అనుమానంగా చూసింది.

"గిప్పుడు గీ రాళ్ళ పేరు జెప్పి రోడ్డు ఆపుతరా ఏంది?"

"ఉన్నది ఉన్నట్టు రాస్తామమ్మా" అన్నాను.

"మొన్న వానల్ల నా కోడల్ని మంచం మీద మోసుకపోయినం, దవాఖానాకు. బతికింది గని, బిడ్డ దక్కలే. గది గూడ రాసుకోండ్రి."

తల వంచుకుని ఆమె వెనకే నడిచాను. మోకాటిలోతు వాగు దాటి గూళ్ళ దగ్గరికి చేరాం. ఒక్కో గూడు పక్కన నిలబడి యంత్రంలో చుక్క పెట్టుకున్నాం. మధ్యాహ్నం లక్ష్మమ్మ పెట్టిన జొన్నరొట్టె, చింతపండు తొక్కు తిని వెనక్కి వచ్చేశాం.

సాయంత్రం మా శిక్షకుడు కొత్త రోడ్డు గీత గీసి ఉన్న పాత సర్వే పటాన్ని తెర మీద పరిచి, మా చుక్కల్ని దాని మీదికి ఎక్కించారు. గూళ్ళన్నీ వాగుకు ఇవతల, సరిగ్గా రోడ్డు గీత మీద ఉన్నాయి. రోడ్డు ఆగిపోయినట్టే.

"యంత్రం అబద్ధం చెప్పదు మేడమ్" అన్నారాయన.

"యంత్రం సంగతి నాకు తెలియదు సార్. నా చీర కుచ్చిళ్ళు ఇంకా తడిగా ఉన్నాయి. వాగు దాటే వెళ్ళాం."

ఆయన నవ్వలేదు, అదే ఆయన మంచితనం. పెద్దరోడ్డు కల్వర్టు దగ్గర పొద్దున పెట్టుకున్న చుక్కను తెరిచి చూడమన్నాను. అదీ కల్వర్టు మీద లేదు, పొలంలో పడింది. గూళ్ళు వాగు మీదుగా ఏ పక్కకు జరిగాయో అదీ ఆ పక్కకే జరిగింది. అప్పుడు తట్టింది ఇద్దరికీ. పాత పటం భూమిని ఒక కొలమానంతో, అంటే భూమి ఆకారానికి ఒక లెక్కతో, గీసింది, జీపీఎస్ ఇంకో కొలమానంతో చెబుతోంది. తేడా సరిచేయకుండా ఒకదాని మీద ఒకటి పరిచాం. కంప్యూటర్లో కొలమానం మార్చగానే గూళ్ళు వాగు దాటి తమ చోటికి వెళ్ళిపోయాయి. నాకు ఎగిరి గంతేయాలనిపించింది.

మర్నాడు పొద్దున రోడ్డు ఇంజనీరు శిక్షణ గదికి వచ్చి, పటం చూసి, గూళ్ళు అడ్డం కాదని రాసుకున్నారు. లక్ష్మమ్మ కూడా ఖాజా భాయ్ జీపులోనే వచ్చింది. గర్వంగా పటం ఆమె ముందు పరిచాను. చాలాసేపు చూసింది.

"ఇందుల మా గుంపేది మేడమ్?"

పటమంతా వెతికాను. పాత పటంలో ఆ గుంపు లేదు. మేమూ పెట్టలేదు.

"సచ్చినోళ్ళకు తలా ఒక చుక్క పెట్టినరు. బతికున్నోళ్ళకు ఒక్కటి గూడ పెట్టబుద్ధి గాలే?"

నాకు సిగ్గేసింది, దాచుకోవడమెందుకు. ఇంజనీరును కాసేపు ఆగమని బతిమాలి, అదే జీపులో లక్ష్మమ్మతో మళ్ళీ గుంపుకు బయలుదేరాను.

కొత్త విద్య నేర్చుకోగలనని రుజువు చేసుకోవడానికి వెళ్ళాను, చేసుకున్నాను కూడా. ఇప్పుడు ఏ సర్వేకు పిలిచినా బెరుకు లేదు. కానీ చుక్క సరైన చోట పడటం సగం పనే. ఎవరిని వదిలేశామో చూసుకోవడం మిగతా సగం. మీరూ జీపీఎస్ పట్టుకుని అడవికి వెళ్తుంటే ఒక్క మాట వినండి: పటంలో ఉన్న కల్వర్టు దగ్గరో వంతెన దగ్గరో ఒక చుక్క పెట్టుకోండి, కొలమానం తప్పితే అదే పట్టిస్తుంది. రెండో చుక్క మాత్రం మనుషులున్న వాకిట్లో పెట్టండి. మా పటంలో అది లక్ష్మమ్మ వాకిలి.