బోరులోంచి లాగక ముందు

నేను వేసిన మొదటి పుస్తకం చెప్పినాయన ఐదో తరగతితో బడి మానేశాడు. తిరువూరులో బోరు మోటార్లకు వైండింగ్ చేసే సాయిబు గారాయన. చిన్న వ్యాపారులతో వాళ్ల పని గురించే పుస్తకం చెప్పించి అచ్చేయడం, దాంతో వాళ్ల షాపుకి పేరు తేవడం, ఇదీ నేను పెట్టుకున్న కంపెనీ. నేను పెరిగిన విజయవాడలో ఒక్కరూ నమ్మలేదు. ఈయన నమ్మాడు. ఆయన చెబుతుంటే ఫోనులో రికార్డు చేసి, ఇంటికెళ్లి రాసేదాన్ని.

రాసిందంతా ఆయనకి చదివి వినిపిస్తుంటే చివరి పేజీ దగ్గర గొడవైంది. మోటారు ఆగితే కాలిపోయినట్టు కాదు, బోరులోంచి లాగక ముందు ఫ్యూజులూ స్టార్టరూ చూసుకోండి, చాలాసార్లు తప్పు అక్కడే ఉంటుంది అని అందులో చెప్పాడాయన. నాకు ఒళ్లు మండింది. ఇది చదివితే మీ షాపుకి ఎవరొస్తారని అరిచాను. ఆయన రాగి తీగ చుట్లు లెక్కపెడుతున్నాడు. ఆ లెక్క అయ్యేదాకా తలెత్తలేదు.

"అది మాత్రం ఉంచమ్మా," అన్నాడంతే.

తిరుగు బస్సులో, ఫోనులోనే, ఆ పేజీ తీసేసి ప్రెస్సుకి పంపేశాను. ఆయన మంచికే అనుకున్నాను.

పుస్తకాల కట్టలు వచ్చిన రోజు షాపులో ఎ.కొండూరు రైతొకాయన కూర్చుని ఉన్నాడు. పక్కనే ఆయన మోటారు. సాయిబు గారు మొదటి కాపీ ఆయన చేతికిచ్చి, చివరి పేజీ పైకి చదవమన్నాడు.

"చివర్లో నీ ఫోటో, ఫోన్ నంబరే ఉన్నాయి భాయ్."

సాయిబు గారు నా వైపు చూశాడు. నేను ఫోను వైపు చూశాను. తీసేశానని చెప్పక తప్పలేదు.

"ఈ మోటారు ఇందాకే చెక్ చేశానమ్మా. శుభ్రంగా ఉంది. పోయింది స్టార్టరు. పొద్దున్నుంచి నలుగురిని పెట్టి లాగించాడు, అక్కడ మిరప తోట ఎండుతోంది. ఆ పేజీ చెప్పింది ఇట్టాంటోళ్ల కోసమే." రైతు చేతిలోని పేజీ మీద వేలు పెట్టి అన్నాడు, "తీసేస్తే నా ఫోటో తీసేయాల్సింది."

"పోనీలే భాయ్, చిన్నపిల్ల," అన్నాడు రైతు. నన్ను వెనకేసుకొచ్చినందుకు ఆయన మీద కూడా కోపమొచ్చింది. బయటికొచ్చేశాను.

బస్టాండు దాకా వెళ్లాక రికార్డింగ్ పెట్టుకుని విన్నాను. "చూసుకోండి" అనే ముందు ఆయన ప్రతిసారీ "దయచేసి" అన్నాడు. రాసేటప్పుడు అనవసరమని నేనే కొట్టేసిన మాట అది.

పక్కనున్న డీటీపీ షాపులో ఆ పేజీని ఆయన మాటల్లోనే టైపు చేయించి, కాపీలు తీయించి, గమ్ము డబ్బాతో వెనక్కి వెళ్లాను. సాయంత్రం దాకా సాయిబు గారూ నేనూ కూర్చుని అతికించాం. కొత్త స్టార్టరు కొనుక్కొచ్చిన రైతు తన మోటారుని ఆటోలో ఎక్కించుకుంటూ, చుట్టుపక్కల బోర్ల వాళ్లకని ఇంకో నాలుగు కాపీలు అడిగాడు.

సాయిబు గారు ఇచ్చాడు. ఇచ్చే ముందు నాలుగింటికీ చివరి పేజీ తెరిచి చూసుకున్నాడు. ఆ నాలుగూ నేను అతికించినవే.