నలభై నంబరు దారం

కవరు చింపగానే కొత్త నైలాన్ దారం వాసన వచ్చింది. ఎండలో వేడెక్కిన ప్లాస్టిక్ బకెట్ వాసన లాంటిదే, కాకపోతే కొంచెం తియ్యగా ఉంటుంది. మా ఆయన ఎట్టకేలకు గాలం రాడ్ కొన్నాడు. ఆ ఒక్క రాడ్‌తోనే జెల్లలు, బొచ్చెలు, అదృష్టం ఉంటే కొరమీను కూడా పట్టాలట. మూడు దారం చుట్టలు నా ముందు పెట్టి, "దుకాణంలో పనిచేసినదానివి గదా, ఏది ఎక్కించాల్నో నువ్వే చూడు. రేపు చిన్నిని కూడా కంభం చెరువుకు తీసుకపోతా" అన్నాడు. నేనూ వస్తానంటే నవ్వాడు. "నువ్వొస్తే దాన్ని నీళ్ల దిక్కు చూడను కూడా చూడనియ్యవు."

మా పాప చిన్నికి ఐదేళ్లు. మూడేళ్లప్పుడు జ్వరంలో ఒకసారి ఫిట్స్ వచ్చాయి. మళ్లీ రాలేదు. ఇక భయపడక్కర్లేదని డాక్టరు చెప్పి కూడా ఏడాది దాటింది. అయినా అప్పటి నుంచి నా కళ్ల ముందు లేకుండా అది ఒక్క పూట కూడా గడపలేదు. రేపు పంపనని ఎలా చెప్పాలా అని వెతుక్కుంటూనే, ఆలోచించకుండా అన్నిటికంటే లావుదైన నలభై నంబరు చుట్ట తీసి రీలుకు ఎక్కించడం మొదలుపెట్టాను. సగం ఎక్కాక మార్తమ్మత్త గుర్తొచ్చి చెయ్యి ఆగిపోయింది.

ఆమె మాకు చుట్టం కాదు. మార్కాపురంలో తాళ్లు, వలలు, టార్పాలిన్ పట్టాలు, గాలాలు అమ్మే దుకాణం ఆమెది. భర్త పోయాక ఒక్కతే నడిపింది. డిగ్రీ అయ్యాక నేను అక్కడ పనికి కుదిరాను. "మూడు నెలలు చూస్తా, ఏం తేడా వచ్చినా ఇంట్లో కూర్చోవాల" అని మా నాయన షరతు. అత్త దారం అమ్మే పద్ధతి వేరు. ఏ చేపకని ముందు అడిగేది కాదు. నువ్వు కూర్చునే చోట నీళ్లలో ఏముంది, రాళ్లా, నాచా, మొద్దులా అని అడిగేది. తర్వాత మూరెడు దారం తెంపి, ముడి వేసి, ముడిని నోటితో తడిపి, కొన్నవాడి చేతే లాగించేది. పొడిగా బిగిస్తే ముడి దగ్గరే రాపిడికి దారం కాలి బలం పోతుందని ఆమె చెప్పేదాకా నాకు తెలియదు.

చేరిన రెండో నెలలో నేను తెలివి చూపించాను. డబ్బాల్లో మగ్గుతున్న చుట్టలన్నీ తీసి, దారిన పోయేవాళ్లకు కనపడాలని దుకాణం ముందు తోరణంలా వేలాడదీశాను. ఎండాకాలం. అత్త పది రోజులు పెళ్లికని గిద్దలూరు వెళ్లి ఉంది, ఆ పది రోజులూ అవి ఎండలోనే ఉన్నాయి. చివరి రోజు ఓబయ్య అనే ముసలాయన వచ్చాడు. భార్యకు కడుపు ఆపరేషన్ అయింది, కొరమీను పులుసు పెడితే తొందరగా లేస్తుందని ఎవరో చెప్పారట. తోరణంలోంచి ఒక చుట్ట తీసి ఇచ్చాను.

రెండు రోజులకు అతను వచ్చేసరికి అత్త దుకాణంలోనే ఉంది.

"మోచెయ్యంత కొరమీను అక్కా. ఒడ్డు దాకా వచ్చినాది. పటుక్కుమని తెంపుకొని పోయినాది. నా చేతుల్లో పట్టు పోయింది, ఇంగ గాలం ఎవరికన్నా ఇచ్చెయ్యాల" అన్నాడు.

నేను డబ్బాలు సర్దడం మొదలుపెట్టాను. నాయన షరతే చెవుల్లో మోగుతోంది. అత్త అతని చేతిలోంచి మిగిలిన చుట్ట తీసుకుని లాగింది. ఎండుగడ్డిలా తెగింది.

"దీన్ని ఎండలో పెట్టిందెవరు?"

"నేనే అత్తా."

"ఇన్నావా ఓబయ్యా, నీ చేతులు బాగనే ఉన్నాయి. చచ్చిన దారం అమ్మింది మేము" అంటూ కొత్త చుట్ట అతని చేతిలో పెట్టింది. నా వైపు తిరిగి, "రేపు ఆయనెంబడి చెరువుకు పో. దారం అమ్మేదానికి అది తెగితే ఏమైతాదో తెలవాల" అంది.

మరునాడు మధ్యాహ్నం దాకా గట్టున కూర్చున్నాను. కొరమీను పడలేదు. రెండు జెల్లలు పడ్డాయి. ఓబయ్య ఇంటికి వెళ్తే, మంచం మీదున్న ఆయన భార్య లేవలేక లేచి, "దారం పిల్లవంట గదా, తిని పో" అని తనకు వండిన పులుసులో నాకూ పోయించింది. ఆ ముద్ద మింగడం ఇప్పటికీ గుర్తుంది.

అత్త నన్ను పనిలోంచి తీసెయ్యలేదు, నాయనకూ చెప్పలేదు. వేలాడదీసిన చుట్టలన్నీ ఒక్కొక్కటే నా చేత లాగించింది. అరచేతులు కోసుకుపోయాయి. కానీ ఆ తర్వాత నాకు కొత్త రోగం పట్టుకుంది. ఎవరొచ్చి ఏది అడిగినా నలభై నంబరే అంటగట్టేదాన్ని. చిన్న చేపలు పట్టేవాళ్లకు కూడా అదే. వారం చూసి అత్త అడిగింది.

"ఏంది పాపా, అందరికీ మోకులు అమ్ముతుండావు?"

"లావుదైతే తెగదు గదత్తా."

"తెగదు. చేప కూడా రాదు. అంత లావుది నీళ్లల్లో దానికి కనపడతాది. నీకు ధైర్యం, దానికి భయం. ఒక్క కర్ర ఉన్నోడికి నడిమి దారం ఎక్కియ్యి. నాచులో కూర్చునే రోజు కొసకు బారెడు లావుది కట్టుకోమను. పట్టేముందు మూరెడు కొస తెంపి పారేసి, కొత్త ముడి ఏసుకోమను. ఆపైన తెగితే తెగినాది."

"తెగితే ఎట్ల?"

"తెగినరోజు ఏడుద్దాం లే. ఇప్పుడు టీ తాగు."

ఆమె పోయి రెండేళ్లయింది. నా భయం ఆమె పోగొట్టిందని రాస్తే అబద్ధం అవుతుంది. అది నాతోనే ఉంది. ఈ కాగితం రాస్తూ రెండుసార్లు లేచి చిన్ని నుదురు తాకి చూసి వచ్చాను. ఆమె చేసిందల్లా ఆ భయంతో చెయ్యాల్సిన పనేదో, చెయ్యకూడని పనేదో చూపించడం.

నలభై నంబరు మొత్తం విప్పేశాను. నడిమిదైన ముప్పై నంబరు ఎక్కించి, ముడి తడిపి బిగించి, రెండు చేతులకూ చుట్టుకుని లాగి చూశాను. ఆగింది. చిన్ని సంచిలో జ్వరం మందు, మార్చుకునే గౌను, డాక్టరు నంబరు రాసిన చీటీ పెట్టాను. గట్టు దిగనివ్వద్దని, చెయ్యి వదలొద్దని మా ఆయనకు చెప్పాలి. పంపనన్న మూడో మాట ఒకటి నోటి దాకా వస్తోంది. అది మాత్రం రేపు చిన్ని బండెక్కి, వీధి మలుపు తిరిగేదాకా పళ్ల బిగువున ఆపుకోవాలి.