తోక బిగించిన సిలిండరు

బస్సు డిపోలో ముప్పై రెండేళ్ళు తలుపులే బాగుచేసింది కాబట్టి అందరూ ఆమెను తలుపులత్త అనేవాళ్ళు. ఆడమనిషిని ఇంజను ముట్టుకోనివ్వడం ఇష్టంలేని మేస్త్రీలు, తలుపులైతే చాల్లే అని అప్పజెప్పారు. ఆ మేస్త్రీలే, తలుపు మూసుకోక బస్సు మొరాయించిన ప్రతిసారీ "అత్తా, అత్తా" అంటూ ఆమె వెనకాల తిరిగారు. చదివింది మూడో తరగతి. తలుపు "ఉస్స్" మన్న తీరు వింటే చాలు, గాలి ఎక్కడ పోతోందో చెప్పేసేది.

రిటైరైన రెండో ఏడు, ఒక ఆదివారం మధ్యాహ్నం మనవరాలు ఫోన్ చేసింది.

"అమ్మమ్మా, మా రోబో చెయ్యి తిరగట్లేదు. నాలుగింటికి తనిఖీ. రెండు గాలి సిలిండర్ల రాడ్లు వంగిపోయాయి. ఇంకొక్కటే ఉంది. అదీ వంగితే పోటీకి రానివ్వరు."

"ఏడవకు. ముందు గాలి ఆపెయ్. వస్తున్నా."

కాలేజీ వర్క్‌షాపులో బల్ల మీద రోబో ఉంది. గాలి నిండి సిలిండరు రాడ్డు బయటికి తోసుకొస్తే, ఇరుసు మీదున్న చెయ్యి పావు చుట్టు తిరిగి బంతిని బుట్టలో వెయ్యాలి. అదీ వాళ్ళ ఏర్పాటు.

"లెక్కలన్నీ కరెక్టే అమ్మమ్మగారూ, సిలిండర్లే నాసిరకం" అన్నాడు జట్టు నాయకుడు, సోడాబుడ్డి కళ్ళద్దాల కుర్రాడు.

ఆమె వంగి చూసింది. సిలిండరు నాలుగు బోల్టులతో చట్రానికి అతుక్కుపోయి ఉంది.

"ఇంత గట్టిగా ఎవరు బిగించారు?"

"నేనే" అన్నాడు ఛాతీ విరుచుకుని. "అంగుళం కూడా కదలదు."

"అదేరా నాయనా నీ రోగం! రాడ్డేమో తిన్నగా పోతుంది, చెయ్యేమో గుండ్రంగా తిరుగుతుంది. చెయ్యి పక్కకు లాగుతుంటే సిలిండరు కూడా దానితోపాటు కాస్త ఊగాలి. నువ్వు ఊగనివ్వలేదు, రాడ్డు వంగింది. బస్సు తలుపు పైన సిలిండరు ఎలా ఊగుతుందో ఎప్పుడైనా చూశావా?"

"రోజూ బస్సే ఎక్కుతాను గానీ..."

"ఎక్కుతావులే, ఫోను చూసుకుంటూ."

నాలుగు బోల్టులూ ఊడదీయించింది. సిలిండరు వెనక కొసన, అంటే తోక దగ్గర, అది ఊగేలా ఒక్క పిన్ను గుచ్చింది.

"లొడలొడలాడుతోందే అమ్మమ్మా!"

"ఆడనీ. గాలి పెట్టకముందు చేత్తో తిప్పి చూడు."

మనవరాలు తిప్పింది. ఒకచోట చట్రం బద్దకు తగిలి ఆగింది. ఆకురాయితో అరగదీశారు. మళ్ళీ తిప్పితే చెయ్యి వెన్నలా తిరిగింది.

నాలుగింటికి తనిఖీ ఆయన కాగితాలతో వచ్చి, రోబో మీదికి వంగి చూడసాగాడు. మనవరాలి వేలు గాలి వదిలే మీట మీదికి వెళ్ళింది. తలుపులత్త నోట, డిపోలో బస్సు తలుపు వేసే ముందటి పాత అలవాటు పొలికేకలా వచ్చింది.

"మెట్టు మీంచి జరగండి!"

ఆయన ఉలిక్కిపడి రెండడుగులు వెనక్కి గెంతాడు. ఉస్స్! చెయ్యి ఆయన ముక్కు ఉన్నచోటి మీదుగానే తిరిగి, బంతిని బుట్టలో పడేసింది. రాడ్డు నిటారుగా ఉంది.

"ఇక్కడ మెట్టేదమ్మా?" అన్నాడాయన ముక్కు తడుముకుంటూ.

"మెట్టు సంగతి వదిలెయ్యండి, ముక్కు మిగిలింది కదా. సంతకం పెట్టండి."

నవ్వుతూ పెట్టేశాడు. ఆమె సంచీ భుజాన వేసుకుని గుమ్మం దాటిందో లేదో, కళ్ళద్దాల కుర్రాడు ఇంకో చట్రం చంకన పెట్టుకుని "అమ్మమ్మగారూ, అమ్మమ్మగారూ" అంటూ వెనకాలే పరిగెత్తుకొచ్చాడు.

ఆమె వెనక్కి తిరక్కుండానే అడిగింది.

"దీని తోక కూడా బిగించావా?"