ఆయుధపూజ నాటి రోబో

నలభై దాటినాక, మగ్గం పక్కన పలక పెట్టుకుని నేను అక్షరాలు నేర్చుకున్నాను. నన్నెవరూ బొమ్మలు చూపించి ఊరించలేదు. అందుకేనేమో ఈ సంగతి నాకు ఇప్పటికీ అర్థం కాలేదు. అర్థమయ్యాక రాద్దామంటే రాయలేనని ఇట్లే రాస్తున్నాను.

మా మనవరాలు హిందూపురం దగ్గర కాలేజీలో కంప్యూటర్ చదువుతోంది. రెండో ఏడు ఒక పేపరు తప్పింది. "నాకు రాదవ్వా ఈ చదువు. వచ్చి మగ్గం మీద కూచుంటా" అని ఫోనులో ఏడ్చింది. ధర్మవరంలో మగ్గం మీద కూర్చుని నా నడుము ఏమైందో నాకు తెలుసు. వద్దన్నాను.

దసరాకు వస్తూ అరచేతిలో పట్టే రోబో ఒకటి తెచ్చింది. పిల్లలకు చదువు మీద మనసు పుట్టాలని ముగ్గురికొకటి చొప్పున వాళ్ల సారు ఇచ్చాడట. నేల మీద నల్ల టేపు అతికిస్తే దాని వెంబడే పోయే చక్రాల బండి.

"ఇది ఏం పని చేస్తాదే?"

"గీత మీద పోతాది."

"పోయి?"

"మళ్లా వస్తాదవ్వా."

దానికి కాలేజీ ఎందుకో నాకు తెలియలేదు. కానీ అది మగ్గం గుంత చుట్టూ తిరిగి వచ్చినప్పుడు పిల్ల నవ్వింది. చదువు విషయంలో ఆమె నవ్వడం ఆ ఏడు అదే మొదలు.

మరునాడు ఆయుధపూజ. ఆ రోజు ఇంట్లో పనిచేసే ప్రతిదానికీ బొట్టు పెడతాం. మగ్గానికి, అడ్డపోగు నడిపే నాడెకు, కత్తెరకు, నా కొడుకు స్కూటరుకు పెట్టాను. రోబోను మాత్రం ఎందుకు వదలాలి? తిరగేస్తే కడుపు కింద రెండు గాజు చుక్కలు కనిపించాయి. వాటి మీద గంధం, కుంకుమ దండిగా పెట్టాను.

సాయంత్రం అది గీత వదిలేసి ఉన్నచోటే గిరగిర తిరిగింది. దాన్ని నడిపించడానికి తాను రాసిన ప్రోగ్రామే తప్పనుకుని పిల్ల రెండు రోజులు కంప్యూటరు ముందు కూర్చుని చెరిపింది, మళ్లీ రాసింది. సెలవులు కాగానే దాన్ని క్లాసులో నడిపించి చూపాలట. "నడవకపోతే అదే రోజు తిరిగొచ్చేస్తా" అంది. మనసాగక నేనూ వెంట బయలుదేరాను. బట్టల సంచి హాస్టల్లో విప్పేదే లేదన్నట్టు నా చేతికిచ్చింది.

పెనుకొండలో బస్సు ఆగినప్పుడు రోబోను ఒళ్లో తిరగేసి చూసింది.

"అవ్వా, దీని కండ్లకు కుంకుమ పెట్టింది నువ్వేనా?"

"పండగ పూట బోడిగా ఉంటే బాగుంటాదా?"

"దానికి గీత కనపడొద్దా?"

"అవి కండ్లని నాకెవురు చెప్పినారే?"

తిడుతుందనుకున్నాను. నా కొంగు లాక్కుని తుడుస్తూ, "అంటే నేను ముందు రాసిందే కరెక్టు" అని నెమ్మదిగా అంది. ఇంకోసారి కూడా అంది. నేను తప్పు చేస్తే ఆమె ముఖం ఎందుకు వెలిగిందో!

క్లాసులో మొదట రాసిందే పెట్టి నడిపించింది. వాకిట్లో నిలబడి చూశాను. బండి సగం దూరం చక్కగా పోయి, మలుపు దగ్గర గీత తప్పి బెంచీ కిందికి దూరింది. ఇక తిరుగు బస్సే అనుకుని సంచి భుజాన వేసుకున్నాను. పిల్ల మోకాళ్ల మీద కూర్చుని దాన్ని బయటికి లాగుతోంది.

"పోదామా?" అన్నాను.

"యాడికి?" తల కూడా ఎత్తలేదు. "మలుపులో స్పీడు తగ్గించాల. నువ్వు పో అవ్వా."

నడవకపోతే వస్తానన్నది ఈ పిల్లే. అది నడవలేదు, ఈమె రాలేదు. బాగా నడిచిన రోజు నవ్వింది సరే, తప్పిన రోజు ఎందుకు ఉండిపోయింది?

"సంచి?"

"ఆడ పెట్టు."

వాకిలి పక్కన పెట్టి, ఒక్కదాన్నే బస్సెక్కాను.