చీమలు పట్టని కొబ్బరినీళ్ళు

నేను తెలివితక్కువవాణ్ణని ముందే ఒప్పుకుంటే మీకూ నాకూ పని సులువవుతుంది. ఒక యంత్రం వేడికి తట్టుకుంటుందో లేదో చూసి చెప్పాల్సినవాణ్ణి, నాకు చెమట పట్టని చోట కూర్చుని చూశాను. అది తెలివితక్కువతనం. ఆ తరవాత చేసింది మాత్రం తెలివి. ఇన్నేళ్ళుగా గుండెల మీద కూర్చుని లేవనంటున్నది ఆ తెలివే. ఇంట్లో చెప్పలేదు. స్నేహితులకి చెప్పలేదు. మీరు నన్నెరగరు కాబట్టి మీకు చెబుతున్నాను.

రెండు వేల తొమ్మిది ప్రాంతం. గవర్నర్‌పేటలో ఒక కంప్యూటర్ షాపులో పనిచేసేవాణ్ణి. కొత్త సరుకేదొచ్చినా ఓనరుగారు ముందు నా బల్ల మీద పెట్టించేవారు. నేను నడిపి చూసి, నోటుపుస్తకంలో రాసి, కింద సంతకం పెడితేనే అది షోకేసులోకి వెళ్ళేది. ఆ వేసవిలో లిక్విడ్ కూలర్ వచ్చింది. కూలర్ అనగానే మా వాళ్ళు గడ్డి తడకల కూలర్ అనుకుని సంబరపడ్డారు. కాదు. అరచేతిలో పట్టే పంపు, రెండు రబ్బరు గొట్టాలు, చిన్న రేడియేటర్, ఫ్యాను, అన్నీ కలిపి ఒకటే. పంపు ప్రాసెసర్ మీద కూర్చుంటుంది. లోపలి ద్రవం అక్కడి వేడిని మోసుకెళ్ళి రేడియేటర్లో దింపి వస్తుంది. జన్మలో నీళ్ళు మార్చక్కర్లేదని డబ్బా మీద రాసుంది.

మూడు రోజులు పరీక్షించాను. మామూలు ఫ్యానుతో ఎంత వేడి, దీనితో ఎంత, గంటగంటకీ రాశాను. షాపులో నన్ను థర్మామీటరుగారు అనేవారు. ఎగతాళే, కానీ నాకు బిరుదులా వినిపించేది. అసలు చెయ్యాల్సింది ఇంకొకటి ఉంది. ఏసీ గది వదిలి, పైనున్న రేకుల గదిలో, మే నెల ఎండలో ఒక పూట దాన్ని నడపాలి. కొనేవాళ్ళు ఉండేది అలాంటి గదుల్లోనే. నడపలేదు. ఉక్కపోతగా ఉందని. మూడో రోజు గొట్టం పంపులోకి దిగే చోట ఆకుపచ్చగా ఒక చుక్క కనిపించింది. ఏసీ చల్లదనానికి పట్టిన తడేమో అనుకున్నాను. అలాంటి తడి ఆకుపచ్చగా ఉంటుందా? ఆ ప్రశ్న అప్పుడే వచ్చింది. జేబురుమాలుతో చుక్కనీ ప్రశ్ననీ కలిపి తుడిచేసి, 'అన్ని విధాలా బాగుంది' అని రాసి సంతకం పెట్టాను.

మొదటి కూలర్ పామర్రు వెళ్ళింది. శేషగిరిరావుగారని, పెళ్ళి వీడియోలు తీసేవారు. తీసేది ఆయన, కత్తిరించి అతికేది ఆయన భార్య వరలక్ష్మిగారు. బిగించడానికి నేనే వెళ్ళాను. ఆవిడ పని చేస్తుంటే కాసేపు నిలబడి చూశాను. అప్పగింతల్లో పెళ్ళికూతురు ఏడవబోయే ముందు పెదవి బిగించిన చోట ఆపేసి, "ఇక్కడిదాకా చాలండీ. మిగతా ఏడుపు చూసేవాళ్ళు ఏడుస్తారు" అన్నారు. చదివింది పదో తరగతి. ఆ ఒక్క ముక్కలో ఉన్న పనితనం నా నోటుపుస్తకాలన్నిట్లోనూ లేదు.

దసరాకి వాళ్ళు ఆయుధపూజ చేశారు. సీపీయూకి పసుపు, కుంకుమ, బంతిపూలు. కొబ్బరికాయ ఆవిడ కొట్టారు. మర్నాడు స్విచ్ వేస్తే టప్పుమని శబ్దం, కాలిన వాసన. హార్డ్ డిస్క్ కూడా పోయింది. క్యాసెట్లోది కంప్యూటర్లోకి ఎక్కించగానే ఆయన అదే క్యాసెట్ మీద ఇంకో పెళ్ళి తీసేవారు. అంచేత ఒక పెళ్ళి మొత్తం లోకంలో ఎక్కడా లేకుండా పోయింది.

కబురొస్తే వెళ్ళి మూత విప్పాను. గొట్టం మొదట్లో అదే ఆకుపచ్చ చుక్క. కింద చిన్న మడుగు. వేలితో తాకితే జారింది, జిగురు లేదు. మందు వాసన. పళ్ళెంలో కొబ్బరి చిప్పలకి చీమలు బారులు తీరి ఉన్నాయి. జానెడు దూరంలో ఉన్న ఈ మడుగుకి ఒక్క చీమ లేదు.

"ఏమైందండీ?" అన్నారు శేషగిరిరావుగారు.

నా సంతకం కళ్ళ ముందు ఆడింది. వేలు జేబురుమాలుకి తుడుచుకున్నాను.

"లోపలికి నీళ్ళు పోయాయండీ. కొబ్బరికాయ ఎక్కడ కొట్టారు?"

వరలక్ష్మిగారు గుమ్మంలో నిలబడి ఉన్నారు. "బల్లకి ఇవతల, నేల మీద కొట్టానండీ. అంత దూరం చిందుతాయా?"

"చుక్క చాలండీ," అన్నాను.

"బయట కొట్టవే అంటే విన్నావా?" ఆయన గొంతు లేచింది. "కంప్యూటర్‌కి పూజయితే కంప్యూటర్ ముందే కొట్టాలన్నావ్! అయ్యిందిగా అభిషేకం? ఇంక ఆ కుర్చీలో కూర్చున్నావంటే చూడు."

ఆవిడ ఆయన వైపు చూడలేదు. నన్ను చూశారు. "మీరు తెలిసినవాళ్ళు. మీరు చెబితే అంతేనండీ" అన్నారు.

నేనన్నది అబద్ధమేనా? నీళ్ళు పోయిన మాట నిజం. చుక్క చాలన్నదీ నిజం. రెండు నిజాల మధ్య ఒక కొబ్బరికాయ పెట్టి చల్లగా జారుకున్నాను. నిజం చెబితే ఏమయ్యేది? ఓనరుగారు తిట్టేవారు. థర్మామీటరుగారు పగిలేవారు. అంతేగా? అంతకే ఒక మనిషి చేతుల్లోంచి ఆవిడ విద్య లాగేసుకున్నానా? షాపుకి తిరిగొచ్చి, ఓనరుగారికీ ఆ కొబ్బరికాయే చెప్పి, మిగతా కూలర్లు గిరాకీ లేదని చెప్పి కంపెనీకి వెనక్కి పంపించేశాను. కాబట్టి తెలియక చేశానని మీరు కూడా అనలేరు.

మూడేళ్ళ తరవాత, అంతా చెప్పేద్దామని పామర్రు వెళ్ళాను. స్టూడియోలో ఆవిడ కుర్చీలో ఇంకెవరో ఉన్నారు. ఆవిడ అరుగు మీద మిషను లేకుండా చేత్తో జాకెట్లకి కాజాలు కుడుతున్నారు. మజ్జిగ ఇచ్చారు. మిషను మీద కుట్టచ్చు కదా అన్నాను. "నా చేతికి మిషన్లు పడవండీ. ఆ రోజు మీరే చూశారుగా" అన్నారు, ఏ కోపమూ లేకుండా. మజ్జిగ తాగి, గ్లాసు అరుగు మీద పెట్టి, బస్సెక్కాను. మళ్ళీ వెళ్ళలేదు. వెళ్ళే ధైర్యం ఇప్పటికీ లేదు.

షాపులోకి మాత్రం ఆవిడ ప్రతి ఏడాదీ వచ్చేవారు, కథగా. దసరా వస్తే చాలు, ఓనరుగారు వచ్చినవాళ్ళందరికీ చెప్పేవారు: "పామర్రులో ఒకావిడ సీపీయూకి కొబ్బరినీళ్ళ స్నానం చేయించిందండీ!" అందరూ నవ్వేవారు. అందరికంటే గట్టిగా నేను. ఆయనకేం తెలుసు పాపం? పగ తీర్చుకోవాల్సింది నా మీద. అందుబాటులో ఉన్నది ఆయన.

ఒక ఏడాది షాపు ఆయుధపూజలో కొబ్బరికాయ నా చేతికిచ్చారు. కొట్టి, చిప్ప తిన్నగా తీసుకెళ్ళి ఆయన సొంత సీపీయూ మీద, గాలి కంతల్లోకి వంచాను. చెయ్యి జారిందన్నాను. తుడిచి, ఆరాక చూద్దామని అలాగే వదిలేశారు. రెండు రోజుల తరవాత షాపు తెరిస్తే గోడ మీంచి సీపీయూ దాకా నల్లటి గీత.

"ఏంటయ్యా ఇన్ని చీమలు!"

"కొబ్బరినీళ్ళు కదండీ, వస్తాయి," అన్నాను. "పామర్రులో ఒక్కటీ లేదు."

అన్నాక ఊపిరి ఆడింది. అనాల్సిన గుమ్మం అది కాదని తెలిసి కూడా ఆడింది. ఆయన చీపురు పట్టుకుని చాలాసేపు చీమల్నీ నన్నూ మార్చి మార్చి చూశారు. ఆ కథ మళ్ళీ ఎప్పుడూ చెప్పలేదు.