బొండాం తాగకూడని కోనసీమవాడు

యుద్ధాలూ, గండాలూ, చివర్లో పూలవానా ఉన్న మహాగాథ రాద్దామని కూర్చున్నాను. తీరా చూస్తే అందులో ఎక్కువ భాగం నేను మంచం మీదే ఉన్నాను. కనుక ఉన్నదే చెబుతాను.

ఎనభై అయిదులో, అంటే మూడేళ్ళ కిందట, ఒకరోజు పొద్దున్న నా కాళ్ళు చెప్పుల్లో పట్టలేదు. మామిడికుదురులో కొబ్బరి కొట్టు గుమాస్తాని, పెళ్ళికాని కుర్రాణ్ణి. "చెప్పులు చిన్నవైపోయేయి" అన్నాను. అమ్మ చెప్పులకేసి చూడలేదు, ఉబ్బిన నా మొహంకేసి చూసింది.

అమలాపురంలో రక్తపరీక్ష, కాకినాడలో మరోటి, చివరికి విశాఖపట్నం. రెండు కిడ్నీలూ పోయాయట. వారానికి మెషిన్ మీద రెండు డయాలసిస్‌లు.

"ఎన్నాళ్ళండీ?" అన్నాను.

"బతికినన్నాళ్ళూ" అన్నారు డాక్టరుగారు.

మెషిన్ రోజు మంచం, మర్నాడు నీరసం, ఆపైన మళ్ళీ రావులపాలెం బస్సు, రాజమండ్రిలో రైలు. కట్టేసిన గేదెకైనా పలుపు కాస్త పొడుగుంటుంది. నోట్లో ఎప్పుడూ ఇనప రుచి. మొదట ఆకలి పోయింది, తర్వాత తినాలన్న కోరికే పోయింది. చూడ్డానికి వచ్చినవాళ్ళని మాత్రం నవ్వించేవాణ్ణి. "కుర్రాడు హుషారుగానే ఉన్నాడండి" అనుకుంటూ వెళ్ళేవారు. వాళ్ళు గుమ్మం దాటగానే గోడవైపు తిరిగి పడుకునేవాణ్ణి.

మా వైపు జబ్బుమనిషిని చూడ్డానికి ఎవరూ బొండాలు లేకుండా రారు. "అన్నం ఎలాగూ తినట్లేదు, ఇదన్నా తాగు నాయనా" అని పెద్దమ్మ దగ్గరుండి తాగించేది. ఒక మధ్యాహ్నం కాళ్ళు చచ్చుబడ్డాయి, గుండె తడబడింది. అమలాపురంలో ఇంజెక్షన్ చేసి, కారులో వైజాగ్ పంపారు.

"పొటాషియం పెరిగిపోయింది. ఏం తాగేడండి?" అన్నారు డాక్టరుగారు.

"ఏం లేదండి, బొండాం నీళ్ళేనండి" అంది అమ్మ.

"బొండాం నిండా పొటాషియమే. ఇతనికి అదే విషమమ్మా."

"విషమా? బొండామా?" అంది వెంట వచ్చిన పెద్దమ్మ. "తమరిది ఏ వూరండీ?"

మర్నాడు డాక్టరుగారు ఒక్కరే వచ్చారు. "ఆల్బుమిన్, అదే రక్తంలో ప్రొటీను, కూడా పడిపోయింది. అన్నం ఎందుకు తినట్లేదు?"

"అమ్మ వంట బాగోదండి. ఆవిడకి చెప్పకండి."

ఆయన నవ్వలేదు. "మెషిన్ రక్తం కడుగుతుంది, కండ పెట్టదు. బతకాలని లేదా?"

నాకు జోకు తట్టలేదు. "లేదండి" అన్నాను.

"ఇది డిప్రెషన్. ఇదీ జబ్బే. దీనికీ మందు ఉంది" అని అమ్మను పిలిచి అదే చెప్పారు. రాజమండ్రిలో రైలు దిగి బస్సెక్కాక అమ్మ అంది: "నన్ను నవ్వించకురా ఇంక. తిను, చాలు."

మాత్ర పనిచెయ్యడానికి వారాలు పట్టింది. ఉడికించిన గుడ్డులో తెల్లసొన నేను, పచ్చసొన అమ్మ. ఇప్పటికీ అదే బస్సు, అదే మెషిన్. కొన్ని రోజులు ఇప్పటికీ గోడవైపే తిరుగుతాను, కానీ పళ్ళెం వచ్చేసరికి లేస్తాను. వచ్చిన బొండాలు నేనే కొట్టి, తెచ్చినవాళ్ళకే ఇస్తాను. పెద్దమ్మ నా ఎదురుగా తాగి, "చప్పగా ఏడిసింది, నీకేం నష్టం లేదు" అని మూతి తుడుచుకుంటుంది. అబద్ధం. లేతబొండాం.

నాలాంటివాళ్ళకి చెప్పేది ఒకటే. కూరముక్కలు నిండా నీళ్ళు పోసి ఉడికించి, పొటాషియం దిగిన ఆ నీళ్ళు పారబొయ్యండి. వాటితో చారు పెట్టకండి.